ప్లాన్లు గీసేవాణ్ణి, త్రీడీ రెండరింగ్‌లోకి రావాలంటే ఏం నేర్చుకోవాల?

ప్రొద్దుటూరు_డ్రాఫ్టింగ్:

అన్నలకు, అక్కలకు నమస్కారం. డిప్లొమా సివిల్ చేసి రెండేండ్లుగా మా ఊర్లో ఒక ఇంజనీరు సార్ దగ్గర ఆటోక్యాడ్‌లో ప్లాన్లు గీస్తాండా. ఇల్లు కట్టుకునే ప్రతి ఒక్కరూ ప్లాన్ కాగితం ఒక నిమిషం చూసి, "త్రీడీ ఎప్పుడిస్తారు?" అంటారు, అంటే కట్టబోయే ఇల్లు ఫోటో మాదిరి కనపడే బొమ్మ. ఆ పని మేం బయటికి పంపిస్తాం. నాకు ఆ పనిలోనే స్థిరపడాలని ఉండాది.

త్రీడీ సాఫ్ట్‌వేర్లలో స్కెచప్ వచ్చు. నాలుగు నెల్లుగా బ్లెండర్ నేర్చుకుంటాండా. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. హైదరాబాదులో ఒక కోర్సు ఉంది. ఫీజుకు మా నాయన ఈసారి శెనక్కాయల డబ్బు ఇస్తానంటాండాడు. ఆయన్ని ఆ ఖర్చులోకి దించాలా వద్దా తేల్చుకోలేక రాస్తాండా.

కింద పెట్టిన బొమ్మ నేను చేసిందే. 30 అడుగులకు 40 అడుగుల స్థలం, తూర్పు ముఖం, సాయంత్రం నాలుగింటి వెలుతురు. ఎంత మార్చినా ప్లాస్టిక్ బొమ్మ మాదిరే వస్తాంది. యాడ తప్పుతాండానో చెప్పండి.

అనంతపురం_రెండర్:

ఇప్పుడే కోర్సుకు పోవద్దు. బ్లెండర్‌కు లైసెన్సు ఖర్చు లేదు, డబ్బులు తీసుకొని చేసే పనికీ వాడుకోవచ్చు. త్రీడీఎస్ మ్యాక్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌కు స్టూడెంట్ లైసెన్సు ఉచితమే గానీ, దాంతో కస్టమరుకు పని చేసివ్వకూడదు. ఆ డబ్బులో కొంత పెట్టి గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్ కొనుక్కో, అది పదేండ్లు కాకున్నా నాలుగేండ్లు నీకు పనికొస్తుంది. అంతదాకా చిన్న సైజులో రెండర్ చేసి, అంటే మోడల్ నుంచి బొమ్మ తీసి, చుక్కలు తుడిచే డీనాయిజర్ వాడు.

తాడిపత్రి_అక్క:

తమ్ముడూ, నీ బొమ్మ పెద్దది చేసుకొని చూసినా. మోడల్ బాగుంది, కొలతలు సరిగ్గా ఉండాయి. డ్రాఫ్టింగ్ చేసినోడివి కాబట్టి ఆ బలం నీకు ముందే ఉంది. తప్పు ఎండలో ఉంది. సాయంత్రం నాలుగు అన్నావు, ఇల్లు తూర్పు ముఖం అన్నావు, ముందర గోడ నిండా ఎండ కొడుతోంది. సాయంత్రం తూర్పు గోడకు ఎండ యాడిది? ఇంటాయన ఈ మాట నోటితో చెప్పలేకపోవచ్చు. కానీ సాయంత్రమైతే అరుగు మీద నీడలో కూర్చునే మనిషికి ఏదో తేడాగా ఉందని వెంటనే తెలిసిపోతుంది. నువ్వు ప్లాస్టిక్ అంటున్నది అదే.

ముందు ఉత్తరం బాణం సరిచూసుకో, సన్ సెట్టింగ్‌లో అక్షాంశం కడపకు 14.5 డిగ్రీలు పెట్టు. ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు రెండో వారం దాకా మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. జూన్‌లో పొద్దున, సాయంత్రం ఉత్తరం గోడకు ఏటవాలుగా ఎండ తగులుతుంది. డిసెంబరు మధ్యాహ్నం దక్షిణం వైపు సుమారు 52 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, నీడలు బాగా సాగుతాయి. చలిదేశాల వీడియోలు చూసి ఆ ఎండనే మన ఇళ్లకు పెడితే కుదరదు.

నేను తొమ్మిదేండ్లుగా ఇదే పని చేస్తాండా. మా నాయనది తాడిపత్రిలో బండల పాలిష్ మిషను. చిన్నప్పటి నుంచి తడి బండ, ఆరిన బండ, పాలిష్ బండ చూస్తూనే పెరిగినా. నీ వాకిట్లో వేసిన నల్ల నాపబండ గ్రానైట్ మాదిరి అద్దంలా మెరుస్తాంది. గ్రానైట్‌కు గింజ ఉంటుంది, నాపబండకు కంటికి గింజ కనపడదు. అది సున్నపురాయి జాతి, నిమ్మరసం పడితే తెల్లమచ్చ పడేది అందుకే. బయట వేసిన బండ ఎండకూ వానకూ నలుపు పోయి బూడిద రంగుకు తిరుగుతుంది. మనుషులు నడిచే దారిలో నున్నగా, గోడ వారన గరుకుగా ఉంటుంది. ఆ తేడా రఫ్‌నెస్ మ్యాపులో, అంటే యాడ నునుపో యాడ గరుకో చెప్పే బొమ్మలో, రావాల. రంగు కూడా పూర్తి నలుపు పెట్టొద్దు, గోడకు పూర్తి తెలుపు పెట్టొద్దు. కొత్త సున్నం కొట్టిన గోడ కూడా పడిన వెలుతురంతా తిరిగి ఇవ్వదు.

కెమెరా చాలా ఎత్తులో ఉంది. ఆ వీధి 20 అడుగులదే కదా, ఎదురింటి గోడకు వీపు ఆనించి నిలబడిన మనిషి కంటి ఎత్తున, అయిదు అడుగుల దగ్గర పెట్టు. గోడల నిలువు గీతలు నిలువుగానే ఉండాల. ఇల్లంతా పట్టలేదని లెన్సు మరీ వెడల్పు చేస్తే మూడు గదుల ఇల్లు కల్యాణ మంటపం మాదిరి కనపడుతుంది. తర్వాత ఇంటాయన బాధపడతాడు.

ఇప్పుడు నీకొక పని చెప్తా. ఇల్లు పక్కన పెట్టి, పాత మిద్దెలో ఒక్క గది చెయ్యి. నాలుగు సున్నం గోడలు, కింద బండలు, పైన దూలాలు, ఒక గవాచి, అంటే వెలుతురుకు మిద్దె పైకప్పులో వదిలే కంత. వేరే లైటు ఏదీ పెట్టొద్దు. మా అవ్వ గవాచి కింద తెల్లగుడ్డ పరుచుకొని బియ్యం ఏరేది. గుడ్డ పరవగానే ఆమె ముఖానికి కింది నుంచి వెలుగు వచ్చేది, గుడ్డ మడిచేస్తే మళ్లీ గది మసక. నల్లబండ వెలుతురును మింగేస్తుంది, తెల్లగుడ్డ తిరిగి పైకి పంపుతుంది. నేను రెండరింగ్ నేర్చుకున్నది అక్కడే అనిపిస్తుంది నాకు. గుడ్డ లేకుండా ఒక బొమ్మ, గుడ్డతో ఒక బొమ్మ చేసి ఇక్కడ పెట్టు. ఆ తేడా నీ బొమ్మలో వచ్చిందంటే కోర్సు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

వీలైతే ఒకరోజు తాడిపత్రికి రా. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వర గుడి మొండి గోపురాలు ఉన్నాయి, గోడ నిండా చెక్కడమే. పొద్దున్నే ఒక ఫోటో, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి ఒకే చోట నిలబడి తీసుకో. చెక్కడం ఎప్పుడు లేచి కనపడుతుంది, ఎప్పుడు అణిగిపోతుంది చూసుకో.

కర్నూలు_సైట్_ఇంజనీర్:

మేడమ్ చెప్పింది నిజం. నేను సైటు వైపు నుంచి ఒక మాట కలుపుతాను. రెండేళ్ల కిందట ఒక ఇంటికి త్రీడీలో ఆరడుగుల బాల్కనీ కింద బీమ్ లేకుండా చూపించారు. ఓనరు అదే కావాలని పట్టుబట్టారు. బీమ్ వేయక తప్పదని చెప్పి ఒప్పించేసరికి నెల గడిచింది, ఆ కుటుంబానికి మా మీద నమ్మకం కూడా పోయింది. కాబట్టి స్ట్రక్చరల్ డ్రాయింగ్ అడిగి తీసుకోండి. పిల్లర్లు, బీములు ఉన్న సైజులోనే చూపించండి. మిద్దె మీద నీళ్ల ట్యాంకు, మెట్ల గది, వాన నీళ్ల పైపు, ఏసీ బయటి యూనిట్లు ఎక్కడొస్తాయో బొమ్మలోనే పెట్టండి. అవి దాచకుండా అందంగా చూపించగలిగిన మనిషికి నేను మళ్లీ మళ్లీ పని ఇస్తాను.

ప్రొద్దుటూరు_డ్రాఫ్టింగ్:

అందరికీ చాలా థ్యాంక్స్. నాయనకు ఫీజు ఇప్పుడు వద్దని చెప్పేసినా. అక్కా, గవాచి గది చేసినా, రెండు బొమ్మలూ పెడతాండా. గుడ్డ వేస్తే దూలాల అడుగు భాగం కూడా కనపడింది, నాకే ఒళ్లు జలదరించింది. కానీ మూలల్లో చుక్కలు చుక్కలుగా వస్తాంది. ఇంకొకటి, మా సార్‌కు తెలిసిన ఒకాయన ఇంటి పని ఇస్తానంటాండాడు. డబ్బుల మాట ఎట్ల ఎత్తాల?

తాడిపత్రి_అక్క:

చూసినా తమ్ముడూ. దూలాల అడుగు కనపడిందంటే నీ కన్ను తెరుచుకున్నట్టే. చుక్కలు చిన్న కంత నుంచి వచ్చే వెలుతురుకు మామూలే. శాంపిల్స్ (ఒక్కో చుక్కకు వెలుతురును ఎన్నిసార్లు లెక్కకట్టాలనే అంకె) పెంచి రాత్రి పడుకునే ముందు రెండర్ పెట్టెయ్, గవాచి దగ్గర ఏరియా లైటుకు పోర్టల్ ఆన్ చేసి చూడు, అది కొత్త వెలుతురు ఇవ్వదు, బయటి వెలుతురు యాడి నుంచి వస్తాందో బ్లెండర్‌కు చెప్తుందంతే.

డబ్బుల మాట మొదటి రోజే ఎత్తాల. నాకు మొదట్లో ఒక బిల్డరు ఫైనల్ బొమ్మలు తీసుకొని ఫోన్ ఎత్తడం మానేసినాడు, నాలుగు నెల్ల కష్టం పోయింది. అప్పటి నుంచి సగం అడ్వాన్సు తీసుకుంటా. రంగులు వేయకముందు బూడిద రంగు మోడల్‌తో మూడు కెమెరాలు పంపి, ఏది కావాలో వాట్సాప్‌లో రాయించుకుంటా. ఎన్నిసార్లు మారుస్తానో ముందే చెప్తా, రెండుసార్లకు మించితే వేరే లెక్క. మిగతా డబ్బు వచ్చేదాకా చిన్న సైజు బొమ్మే ఇస్తా. మీ సార్ ద్వారా వచ్చిన పని కదా, ఆయన ముందరే ఈ మాటలన్నీ అనుకోండి. ఇంటి ఉత్తరం ఎటుందో సైటుకు పోయి నువ్వే చూసుకొని రా, కాగితం మీద బాణం నమ్మొద్దు.