రెండు మందుల్లో దద్దుర్లకు కారణం ఏది?

చర్మవ్యాధులు, మందుల రియాక్షన్లు చూసే అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. 46 ఏళ్ల పురుషుడు. ఫిట్స్‌కి కార్బమజెపిన్ మొదలై 33 రోజులు, పంటి చీముకి అమాక్సిసిలిన్ మొదలై 8 రోజులు. మూడు రోజులుగా దద్దుర్లు: ముందు ఛాతీ, వీపు, తర్వాత చేతులు, తొడలు. ఎర్రటి చిన్న మచ్చలు, నొక్కితే తెల్లబడుతున్నాయి. ఒక మచ్చ చుట్టూ పెన్నుతో గీత గీస్తే 24 గంటల తర్వాత కూడా అక్కడే ఉంది. అంటే అర్టికేరియా (ఒక్కో మచ్చ 24 గంటల్లోపే మాయమయ్యే దురద దద్దుర్లు) కాదు.

రోజుల లెక్క చూస్తే అమాక్సిసిలిన్ మీదే అనుమానం. మామూలు మందు దద్దుర్లు 4 నుంచి 14 రోజుల్లో వస్తాయి. కానీ ముఖం చూస్తే అలా లేదు. కళ్ల చుట్టూ, చెవి తమ్మెల్లో వాపు, 101 డిగ్రీల జ్వరం, మెడలో బిళ్లలు. ఇసినోఫిల్స్ (అలర్జీలో పెరిగే తెల్ల రక్తకణాలు) 1,100, ఏఎల్‌టీ (లివర్ దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) 96, రెండూ ఎక్కువే. డ్రెస్ సిండ్రోమ్ (దద్దుర్లతో పాటు జ్వరం, లివర్ లాంటి అవయవాలకు దెబ్బ తెచ్చే తీవ్రమైన మందు రియాక్షన్) అయితే 2 నుంచి 8 వారాలు పడుతుంది, అప్పుడు వేలు కార్బమజెపిన్ వైపు తిరుగుతుంది. నోట్లో, కళ్లలో పుండ్లు లేవు. పొక్కులు లేవు, చర్మం ముట్టుకుంటే నొప్పి లేదు.

రెండూ ఆపేసి ఆసుపత్రిలో చేర్చారు. ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్ అనే ఫిట్స్ మందులు కూడా అదే రియాక్షన్ తెస్తాయి కాబట్టి లెవెటిరాసిటమ్‌కి మార్చారు.

అడగదలచింది: లివర్ పరీక్షలు ఎన్ని రోజులకోసారి, ఎన్ని వారాలు చేయిస్తున్నారు? ప్యాచ్ టెస్ట్ (అనుమానం ఉన్న మందుని వీపు చర్మం మీద అంటించి చూసే పరీక్ష) ఎప్పుడు పెడుతున్నారు? అది నెగెటివ్ వచ్చినంత మాత్రాన మందు నిర్దోషి అనలేం కదా, మరి అమాక్సిసిలిన్‌ని జీవితాంతం నిషేధించకుండా ఎలా తేలుస్తున్నారు?