మే ఎండలో ట్రైలర్ ప్రయాణం: నాయన ఇన్సులిన్‌కు ఫ్రిజ్ కావాలా, అక్కర్లేదా?

గిరింపేట_కుర్రోడు
అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. బొలేరో వెనక తగిలించుకునే క్యాంపర్ ట్రైలర్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. మేలో పిల్లల సెలవులకి అమ్మానాయనల్ని తీసుకుని తిరుపతి, శ్రీకాళహస్తి చూసుకుని, అటునుంచి అహోబిలం, మహానంది, శ్రీశైలం పోయి రావాలని ఉంది. రెండు వారాలు పట్టొచ్చు. నాయన రెండు పూటలా పెన్నుతో ఇన్సులిన్ వేసుకుంటాడు. ట్రైలర్‌లో గ్యాస్ మీదా, 12 వోల్టుల మీదా, ఇంటి కరెంటు మీదా నడిచే పాత ఫ్రిజ్ ఉంది. దాన్ని నమ్మొచ్చా? ఐస్ బాక్సు సరిపోతుందా? ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో మాట అంటున్నారు.

అలిపిరి_అక్క
ఫ్రిజ్ లేకుండా కదలొద్దు తమ్ముడూ. 2 నుంచి 8 డిగ్రీలు అని డబ్బా మీదే రాసుంటుంది. పోయినేడు మా అత్తగారిని అద్దె క్యారవాన్‌లో తీసుకెళ్ళాం. బ్యాటరీ దిగిపోతుందని డ్రైవరు రాత్రి ఫ్రిజ్ ఆపేశాడు, ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత వేసిన ఇన్సులిన్ ఒక్కటీ పని చేయలేదు. షుగర్ 400 దాటింది. తెలియని ఊళ్ళో ఆసుపత్రి వెతుక్కుంటూ తిరిగాం.

పుత్తూరు_పిల్ల
మంచి థర్మాస్ ఫ్లాస్కు చాలు అన్నా.

కాణిపాకం_వాసి
అక్కగారూ, ఒక్క రాత్రి ఫ్రిజ్ ఆగితే ఇన్సులిన్ చెడిపోదు. వాడుకలో ఉన్న పెన్నుని అసలు ఫ్రిజ్‌లో పెట్టనక్కర్లేదు. చాలా రకాలు 30 డిగ్రీల లోపు 28 రోజులు నిలుస్తాయి, కొన్ని ఇంకా ఎక్కువ. లోపల మడిచి పెట్టిన కాగితంలో ఉంటుంది, చదవండి. చల్లటిది పొడిస్తే నొప్పి కూడా ఎక్కువ. కెన్యాలో దాదాబ్ అనే శరణార్థి శిబిరం ఉంది. అక్కడి ఇళ్ళలో ఉండే వేడిని లెక్కగట్టి, 25 నుంచి 37 డిగ్రీల మధ్య నాలుగు వారాలు ఉంచి పరీక్షించారు. జెనీవా విశ్వవిద్యాలయం, సరిహద్దుల్లేని వైద్యుల సంస్థ కలిసి చేసిన పని, 2021లో అచ్చయింది. మందు బలం నిలబడింది. ఫ్రిజ్ మొహం చూడని జనం అక్కడ ఇన్సులిన్ మీద బతుకుతున్నారు.
మీ అత్తగారికి షుగర్ పెరిగింది ప్రయాణంలో తిండి మారడం వల్ల కావచ్చు.

అలిపిరి_అక్క
మా అత్తగారు ఏం తిన్నారో మీరు చూశారా? ఇంటి నుంచి పట్టుకెళ్ళిన జొన్న రొట్టెలే తిన్నారు. తెలియని ఇంటి సంగతి మాట్లాడొద్దు.

ఘాట్‌రోడ్_మెకానిక్
మీరిద్దరూ అసలు సంగతి వదిలేశారు. ఆ పాత ఫ్రిజ్ అమ్మోనియా రకం. దాంట్లో కంప్రెసర్ ఉండదు, వేడి తగిలి లోపలి ద్రవం తనంతట తాను కిందకి జారుతూ తిరగాలి. బండి సమంగా నిలబడకపోతే ఆ తిరుగుడు ఆగిపోతుంది. నడిచేటప్పుడు కుదుపులకి సర్దుకుంటుంది గానీ, శ్రీశైలం దారిలో వాలు మీద ఆపి టిఫినుకి దిగితే చాలు, చల్లదనం పడిపోతుంది. పైగా బయట 40 దాటితే అది ఎంత మొత్తుకున్నా లోపల 8కి రాదు. గ్యాస్ వెలిగించుకుని పెట్రోల్ బంకులోకి పోవడం ఇంకా ప్రమాదం. కాబట్టి కంప్రెసర్ ఉన్న 12 వోల్టుల పెట్టె కొనుక్కోండి. సిగరెట్ సాకెట్‌కి తగిలించే చవక పెట్టెలు వద్దు. అవి బయటి వేడి కంటే ఓ 15, 20 డిగ్రీలు తగ్గిస్తాయి, అంతే. బయట 42 ఉంటే లోపల పాతిక.

కాణిపాకం_వాసి
పాతిక డిగ్రీలు పెన్నుకి చాలు కదా! మీరే ఒప్పుకున్నారు.

ఘాట్‌రోడ్_మెకానిక్
నేను పెన్ను గురించి మాట్లాడలేదు. ఫ్రిజ్ గురించి మాట్లాడాను.

మందులషాపు_తమ్ముడు
పలమనేరులో మెడికల్ షాపులో పని చేస్తాను. ఒకరు విప్పని మందు గురించి చెప్తున్నారు, ఇంకొకరు వాడుతున్న పెన్ను గురించి. రెండూ వేరు. విప్పనివి 2–8లో ఉంటేనే డబ్బా మీద తేదీ దాకా నిలుస్తాయి. బయటికి తీశాక కాగితంలో చెప్పిన రోజులే లెక్క. రెండు వారాల ప్రయాణానికి నాలుగైదు కాట్రిడ్జిలు (పెన్నులో వేసే మందు గొట్టాలు) చల్లగా ఉండాలి, పెన్ను ఎండ తగలకుండా ఉండాలి.
ఎవరూ అనని సంగతి ఇంకొకటి. వేడి కంటే గడ్డకట్టడం ఎక్కువ ముప్పు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే. మా దగ్గరికి ఐస్ ప్యాక్‌కి అంటించి తెచ్చేవాళ్ళు వస్తుంటారు. ఐస్‌కి, మందుకి మధ్య మందపాటి గుడ్డ ఉండాలి. ఫ్రిజ్‌లో వెనక పలకకి, ఐస్ అరకి దూరంగా, మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. చూడగానే కనిపించే తేడా ఉంటుందని కూడా అనుకోవద్దు. నీళ్ళలాంటి రకం మబ్బుగా మారితే చెడిందని తెలుస్తుంది. తొందరగా పనిచేసేదీ, నిదానంగా పనిచేసేదీ కలిపిన 30/70 లాంటి మిశ్రమం మామూలుగానే తెల్లగా ఉంటుంది. పెన్నుని అరచేతుల మధ్య దొర్లించి, తిరగేస్తే అంతా ఒకే రంగులోకి రావాలి. గోడకి మంచు పట్టినట్టు అంటుకున్నా, పలుకులు తేలినా వాడొద్దు.

చంద్రగిరి_సామి
తమ్ముడు చెప్పింది కరెక్టు. ఇక చర్చ ఆపొచ్చు.

అలిపిరి_అక్క
ఆపడానికి లేదు. 25 నుంచి 37 అన్నారు కాణిపాకం సారు. మేలో తిరుపతిలో నీడలోనే 42 దాకా పోతుంది. ఎండలో మూసిపెట్టిన ట్రైలర్ లోపల ఎంతుంటుందో ఆ పరీక్ష చెప్పిందా? అలిపిరి దగ్గర బండి ఆపి కొండెక్కుతారు. దర్శనం క్యూలో ఎన్ని గంటలు పడుతుందో ఆ దేవుడికే తెలియాలి. అంతసేపూ ట్రైలర్‌లో ఎవరుంటారు?

కాణిపాకం_వాసి
ట్రైలర్‌లో మందు వదలమని నేను ఎక్కడన్నాను? పెన్ను మనిషితో పాటే ఉండాలి. నీళ్ళలో నానబెట్టే జెల్ సంచులు వస్తున్నాయి, తడి ఆరుతూ లోపల చల్లగా ఉంచుతాయి. కర్నూలు వైపు పొడి ఎండలో బాగా పని చేస్తాయి. గాలి ఆడాలి, బ్యాగు అడుగున కుక్కకూడదు. నెల్లూరు, చెన్నై లాంటి ఉక్కపోత ఊళ్ళలో అంత చల్లబడవు. కొండ మీద కింద కంటే చల్లగానే ఉంటుంది. డాక్టరు చీటీ జేబులో పెట్టుకోండి, తనిఖీలో అడిగితే చూపించొచ్చు.

పుత్తూరు_పిల్ల
ఎండలో తిరిగితే వేసిన ఇన్సులిన్ ఒంట్లోకి తొందరగా ఎక్కుతుంది, షుగర్ పడిపోతుంది. గ్లూకోజ్ పొడి జేబులో ఉండాలి. మా పెద్దనాన్నకి క్యూలో చెమటలు పట్టి వణికాడు.

ఘాట్‌రోడ్_మెకానిక్
కంప్రెసర్ పెట్టె నడిచేటప్పుడు 45, 50 వాట్లు తీసుకుంటుంది, మధ్యమధ్యలో ఆగుతుంది కాబట్టి సగటున సగం అనుకోండి. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, అంటే 600 వాట్ అవర్లు. మామూలు రోజు ఒక పగలూ రాత్రీ వస్తుంది, మే ఎండలో అంత రాదు. అక్క అడిగిన అలిపిరి ప్రశ్నకి జవాబు ఇదే.

అలిపిరి_అక్క
నా ప్రశ్నకి జవాబు అది కాదు. బ్యాటరీ ఉందో లేదో ఎవరు చూస్తారు అని నా ప్రశ్న.

కాణిపాకం_వాసి
ప్రతిదానికీ భయమేనా? మీలాంటివాళ్ళు ఇట్లా భయపెట్టే మా జేజిని ఇరవై ఏళ్ళు గడప దాటనివ్వలేదు. పెళ్ళి అంటే, జేజి వద్దు, ఇన్సులిన్ ఉంది. తిరుణాళ్ళ అంటే, దారిలో ఫ్రిజ్ ఎక్కడ. కాణిపాకంలో ఉంటూ శ్రీశైలం చూడకుండా పోయింది ఆమె. ఫ్రిజ్ పేరు చెప్పి మనిషిని ఇంట్లో కట్టేశారు. అందుకే ఈ ఫ్రిజ్ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పెన్ను ఒక తడిగుడ్డలో చుట్టుకుని పోయి రావచ్చని అప్పుడు ఎవరైనా చెప్పుంటే వెళ్ళి వచ్చేది.

అలిపిరి_అక్క
మీ జేజి సంగతి విని బాధగానే ఉంది. మరి నా సంగతీ వినండి. ఆ తడిగుడ్డని రాత్రి రెండింటికి లేచి మళ్ళీ తడిపేది ఎవరు? మీరు కాదు. ఆ ప్రయాణంలో మా ఆయనా, మరిదీ గుడి మెట్ల మీద ఫొటోలు తీసుకుంటుంటే, నేను టీ బంకుల్లో ఐస్ అడుక్కుంటూ తిరిగాను. ఒక స్టీలు డబ్బా, దాని చుట్టూ నా పాత చున్నీ, దాని చుట్టూ ఐస్. పోయేది గుళ్ళకి అయినా నా కళ్ళు ఆ డబ్బా మీదే. డ్రైవరు ఫ్రిజ్ ఆపిన రాత్రి మర్నాడు బండిని మధ్యాహ్నం దాకా ఎండలో మూసి పెట్టారు, అడిగేవాడు లేడు. చివరికి తిట్లు ఎవరికి? "మందు చూసుకోలేదా" అని నాకే. ఫ్రిజ్ కావాలి అంటున్నది అందుకు. ముసలివాళ్ళని తీసుకెళ్ళొద్దని ఏనాడూ అనలేదు. తీసుకెళ్ళే మగవాళ్ళు మందు బాధ్యత కూడా తీసుకోవాలి, లేకపోతే డబ్బు పెట్టి సరైన పెట్టె కొనాలి.

మందులషాపు_తమ్ముడు
అక్కా, మూసిన బండిలో ఎండన పడి ఉంటే ఒక్క పూటకే చెడిపోవచ్చు. రాత్రి కంటే ఆ మధ్యాహ్నమే చెడగొట్టి ఉంటుంది.

కాణిపాకం_వాసి
అక్కగారూ, మా జేజి మందు చూసింది మా అమ్మ. ఆమె కూడా ఎక్కడికీ పోలేదు. మీరు అన్నాక ఆలోచిస్తున్నాను. అయినా వేల రూపాయలు పోసి పెట్టె కొనలేని ఇళ్ళలో ముసలివాళ్ళు ఇంట్లోనే ఉండిపోవాలా? ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను.

అలిపిరి_అక్క
కొనలేనివాళ్ళు కుండలో తడి ఇసుక పోసి పెట్టుకోండి, మా పుట్టింట్లో చేశారు. కానీ ఇసుక తడిపే పని ఎవరిదో బయలుదేరే ముందే మాట్లాడుకోండి. నేనూ అంతవరకే.

గిరింపేట_కుర్రోడు
అందరికీ ధన్యవాదాలు. మా ఆవిడకి ఇదంతా చదివి వినిపించాను. అక్క రాసింది విని ఏమీ అనలేదు, "ఈసారి డబ్బా మీ దగ్గర పెట్టుకోండి" అంది. పెట్టుకుంటాను. విప్పని కాట్రిడ్జిలు కంప్రెసర్ పెట్టెలో, ఆ పెట్టె ట్రైలర్‌లో కాదు, బొలేరోలో మా మధ్యే. ఎక్కువ తక్కువలు గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటర్ లోపల ఒకటి వేస్తాను. వాడే పెన్ను నాయన భుజం సంచిలో, జెల్ సంచితో. రెండు రోజులకి ఒకసారి లాడ్జిలో దిగి బ్యాటరీ ఛార్జ్ చేసుకుంటాం. దారిలో పెన్ను పోతే?

మందులషాపు_తమ్ముడు
ఊరు పెద్దదైతే దొరుకుతుంది, చీటీ చూపించండి. కానీ జాగ్రత్త. మన దగ్గర వయల్‌లో, అంటే సిరంజితో తీసే చిన్న గాజు సీసాలో, ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లు, పెన్ను కాట్రిడ్జిలో 100. కాట్రిడ్జి దొరక్క వయల్ కొంటే ఎర్ర మూత ఉన్న 40 యూనిట్ల సిరంజితోనే తీయాలి. 100 యూనిట్లది నారింజ మూత. మారిస్తే డోసు రెండున్నర రెట్లు అటూ ఇటూ అవుతుంది. ఇంకో మాట, వేసుకున్నాక సూది పెన్నుకే వదిలేయొద్దు. వేడి చలికి లోపల గాలి బుడగలు చేరతాయి.

ఘాట్‌రోడ్_మెకానిక్
బొలేరోలో పెడుతున్నారు కాబట్టి మంచిది, ట్రైలర్ దాకా సన్న తీగ లాగితే వోల్టేజీ దారిలోనే పడిపోతుంది. పెట్టెకి బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి తీగ, మధ్యలో ఫ్యూజు వేయించండి. సాకెట్ తాళం తీస్తే చచ్చిపోతుంది, చాలా బండ్లలో అంతే. రేణిగుంట వైపు వస్తే చెప్పండి, తీగ మందం చూసి చెప్తాను.

అలిపిరి_అక్క
ఆ థర్మామీటర్ రోజూ రాత్రి ఎవరు చూస్తారో ఇక్కడే రాయండి తమ్ముడూ.

గిరింపేట_కుర్రోడు
నేనే అక్కా.