పచ్చి చికెన్ పెట్టినప్పటి నుంచి మా పొమేరియన్‌కి విరేచనాలు

ప్రశ్న (భీమవరం): మా పొమేరియన్ చాలా చిన్నదండి. కుక్కలకి పచ్చి మాంసమే మంచిదని వీడియోల్లో చూసి మొదలెట్టాం, అప్పటి నుంచి విరేచనాలు, జిగురు పడుతోంది, కడుపులో గుడగుడలు పక్క గదిలోకి వినిపిస్తున్నాయి, పెరుగన్నం పెడితే వాసన చూసి వెళ్ళిపోతోంది. చికెన్ మానేసి పచ్చి చెరువు చేప పెట్టొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (అమలాపురం): పచ్చి చేప వద్దండి, పురుగులుండొచ్చు, పైగా కొన్ని చేపల్లో విటమిన్ బి1ని పాడుచేసే ఎంజైమ్ ఉంటుంది. తోలూ ఎముకా లేని చికెన్ ఉడికించి, మెత్తటి అన్నంలో కలిపి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. ఉప్పు, కారం వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలు తగలకూడదు. ఇంత చిన్నదాన్ని పస్తు పెట్టకండి, షుగర్ పడిపోతుంది.

జవాబు (పాలకొల్లు): పచ్చి చికెన్‌ని డీప్ ఫ్రీజర్లో పెట్టినా అందులో ఉండే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా చావదు. ఇంట్లో పసిపిల్లలుంటే మరీ జాగ్రత్త, గిన్నె, చేతులు సబ్బుతో కడగాలి.

జవాబు (రాజోలు): చిగుళ్ళు ముట్టుకుని చూడండి, తడి లేకుండా జిగటగా ఉంటే ఒంట్లో నీరు తగ్గినట్టే. రక్తం పడినా, వాంతులైనా, నీరసంగా పడుకున్నా వెంటనే పశువుల డాక్టరుకి చూపించండి. మనుషుల విరేచనాల మాత్రలు మాత్రం మీ అంతట మీరు వేయకండి. పార్వో (కుక్కలకి విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) టీకా వేయించారా?

ప్రశ్న అడిగినవారు: టీకాలన్నీ అయ్యాయండి. సాయంత్రం ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం.