కథనీ సినిమానీ పక్కపక్కన పెట్టి రాసేటప్పుడు ఏం చూడాలి?

ప్రశ్న: అటకమీది_పుస్తకం

క్లాసిక్ కథలనీ వాటి మీద వచ్చిన సినిమాలనీ జతలుగా తీసుకుని వరసగా వ్యాసాలు రాయాలని ఉంది. ఇలాంటి వ్యాసాల్లో మూడొంతులు ఒకటే పాట పాడతాయి: ఫలానా సీను ఎత్తేశారు, ఫలానా పాత్రని పాడుచేశారు, పుస్తకమే బాగుంది. అది దాటి రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు చదవాలా, ముందు చూడాలా? నోట్సు ఎలా రాసుకోవాలి? నవలలు తేలికా, చిన్నకథలు తేలికా? ఇంకో సందేహం కూడా. పుస్తకంలో పాత్ర మనసులో నడిచేది పేజీలకి పేజీలు ఉంటుంది కదా, సినిమాలో అది ఎటు పోయిందో పట్టుకోవడం ఎలా?

జవాబు: రీలు_డబ్బా

చిన్నకథతో మొదలుపెట్టండి. నవలతో పెట్టుకుంటే ఎత్తేసినవాటి జాబితాకే వ్యాసం సరిపోతుంది. స్క్రీన్‌ప్లేలో ఒక పేజీ అంటే తెర మీద సుమారు ఒక నిమిషం అని లెక్క. రెండు గంటల సినిమాకి 120 పేజీలు, అందులోనూ సగం ఖాళీ జాగా. 400 పేజీల నవల అందులో పట్టదు. పట్టించి తీరతానని భీష్మించుకుంటే ఏమవుతుందో 1924 నాటి 'గ్రీడ్' చూపించింది. ఫ్రాంక్ నోరిస్ నవలని ఎరిక్ వాన్ స్ట్రోహైమ్ దాదాపు ఉన్నదున్నట్టు తీస్తే తొలి కూర్పు 42 రీళ్లు తేలింది. స్టూడియో దాన్ని 10 రీళ్లకి కోసి వదిలింది. అంచేత "ఎందుకు తీసేశారు" అన్న ప్రశ్నకి చాలాసార్లు "జాగా లేక" అన్నదే జవాబు. దాని మీద రెండు పేరాలు రాయడం దండగ.

వరస ఇలా పెట్టుకోండి: ముందు ఒకసారి సినిమా చూడండి, తర్వాత కథ చదవండి, ఆపైన సినిమాని ఆపుకుంటూ మళ్లీ చూడండి. ముందే చదివేస్తే మొదటిసారి చూసేటప్పుడే తప్పులు పట్టే కన్ను తెరుచుకుంటుంది, సినిమా సినిమాగా మనకి అందదు. రెండోసారి చూసేటప్పుడు సీనుకో లైను రాసుకోండి: ఎన్నో నిమిషం, ఏ చోటు, ఎవరున్నారు, సీను ముగిసేసరికి ఎవరికి కొత్తగా ఏం తెలిసింది. ఈ చివరి గడి అందరూ వదిలేస్తారు. అసలు పని అక్కడే ఉంది. పక్కన ఒక గుర్తు వేయండి: ఉంచింది, కలిపింది, మార్చింది, కొత్తగా చేర్చింది. చేర్చినవే ముందు పరిశీలించండి. తీసెయ్యడానికి సవాలక్ష కారణాలుంటాయి, చేర్చడానికి మాత్రం ఎవరో కూర్చుని ఆలోచించాలి.

ఉదాహరణకి హిచ్‌కాక్ 'రియర్ విండో' (1954). మూలం కోర్నెల్ వుల్‌రిచ్ 1942లో రాసిన చిన్నకథ. కథలో మనిషి కిటికీ దగ్గర కూర్చుని ఎదుటి ఇళ్లు చూస్తుంటాడు, కదలడు. ఎందుకు కదలడో రచయిత కడదాకా చెప్పడు. కాలికి కట్టు ఉందన్న సంగతి కథ చివర డాక్టరు దాన్ని తీసేద్దామన్నప్పుడు బయటపడుతుంది. సినిమాలో ఈ కొసమెరుపు కుదరదు, మనిషి కనిపిస్తే కాలూ కనిపిస్తుంది కదా! అందుకని హిచ్‌కాక్ దాన్ని పూర్తిగా తిరగేసి మొదటి నిమిషాల్లోనే చెప్పేశాడు. కెమెరా పెరటి వసారాలన్నీ చుట్టి వచ్చి, చెమట పట్టిన మొహం, పిండికట్టు, విరిగిన కెమెరా, గోడ మీద రేసుకారు ప్రమాదం ఫోటో వరసగా చూపిస్తుంది. ఒక్క మాట లేకుండా ఇతనెవరు, కాలెందుకు విరిగింది అన్నీ తెలిసిపోతాయి. కథలో ఇతనికి ఫోటోగ్రాఫర్ ఉద్యోగం లేదు, ప్రేయసీ లేదు, సాయానికి సామ్ అనే పనివాడు మాత్రం ఉంటాడు. ఫోటోగ్రాఫర్‌ని చేయడంతో పెద్ద లెన్సూ, చివర్లో హంతకుడి కళ్లు బైర్లు కమ్మించే ఫ్లాష్ బల్బులూ చేతికొచ్చాయి. ప్రేయసి రావడంతో ఎదుటి కిటికీల్లో కనిపించే జంటలన్నీ ఇతని పెళ్లి గొడవ మీద వ్యాఖ్యానంగా మారిపోయాయి. ఇలా ఒక్క మార్పు పట్టుకుని అది ఎన్ని చోట్లకి పాకిందో చూపిస్తే చాలు, వ్యాసం దానంతటదే నిలబడుతుంది.

జవాబు: వెదురుపొద

చిన్నకథ అన్నమాట నిజమే, కానీ రెండు కథలు కలిపి ఒక సినిమా చేసిన చోట ఇంకా మజా ఉంటుంది. 'రషోమాన్' (1950) తీసుకోండి. మూలం జపాన్ రచయిత అకుతగావా కథలు రెండు: పేరూ, పాడుబడ్డ ద్వారమూ 1915 నాటి 'రషోమాన్' నుంచి, హత్య కథంతా 1922 నాటి 'పొదలో' నుంచి. షినోబు హషిమోతో ముందు రెండోదాన్ని మాత్రమే స్క్రిప్టుగా రాస్తే నిడివి చాలలేదు. ఆ కొరత తీర్చబోయి మొదటి కథనీ కలిపారు.

'పొదలో' కథలో ఏడు వాంగ్మూలాలు తప్ప ఇంకేమీ లేదు. దొంగ నేనే చంపానంటాడు, భార్య నేనే అంటుంది, పూనకంలో పలికిన చచ్చినవాడు నన్ను నేనే పొడుచుకున్నానంటాడు. ఎవరిది నిజమో రచయిత తేల్చడు. సినిమా కట్టెలు కొట్టేవాడి చేత నాలుగో కథనం చెప్పిస్తుంది. కథలో అతను శవాన్ని చూశానని చెప్పి వెళ్లిపోయే మనిషి, అంతే.

నా దృష్టిలో ఇందులో అసలు కీలకం బాకు. కథ చివర చచ్చినవాడు చెబుతాడు: ప్రాణం పోతుండగా ఎవరో నెమ్మదిగా దగ్గరికొచ్చి గుండెలో దిగిన బాకు లాగేశారని. ఆ చెయ్యి ఎవరిదో చెప్పడు. రెండు వాక్యాల వ్యవహారం, చాలామంది గమనించకుండా పేజీ తిప్పేస్తారు. దర్శకుడు కురొసావా, హషిమోతో కలిసి ఆ చెయ్యి కట్టెలవాడిదని తేల్చారు. దాంతో నాలుగో సాక్షి కూడా అబద్ధాలకోరేనని తెలుస్తుంది. మొదటి కథలో పనివాడు ముసలిదాని ఒంటి మీది బట్టలు ఊడబెరుక్కుపోతాడు. సినిమాలో ఆ దొంగతనం చివర్లో వదిలేసిన పసిబిడ్డ బట్టల మీదికి మారింది. బిడ్డ రెండు కథల్లోనూ లేదు. ఆ బిడ్డని కట్టెలవాడు ఎత్తుకుపోవడంతో సినిమా ముగుస్తుంది. అకుతగావా ఇంత మెత్తగా ముగించేవాడు కాదు. బాకు గురించి అంత నిక్కచ్చిగా ఉన్న సినిమా బిడ్డ దగ్గర కాస్త జారిందనే నాకనిపిస్తుంది. ఒప్పుకోనివాళ్లు చాలామందే ఉంటారు.

జవాబు: మూడో_ప్రతి

పై ఇద్దరితోనూ ఒక పేచీ ఉంది. ప్రతి మార్పూ దర్శకుడు కూర్చుని ఆలోచించి చేసిందే అన్నట్టు రాస్తున్నారు. చాలా మార్పులు దారిలో వచ్చి చేరతాయి. 1931 'ఫ్రాంకెన్‌స్టైన్' నేరుగా మేరీ షెల్లీ నవల నుంచి రాలేదు, మధ్యలో పెగ్గీ వెబ్లింగ్ నాటకం ఉంది. నవలలో ఫ్రాంకెన్‌స్టైన్ తయారుచేసిన జీవి చక్కగా మాట్లాడుతుంది, మిల్టన్ కావ్యం చదువుతుంది, సృష్టికర్తని నిలదీస్తుంది. సినిమాలో మూలుగులే. ఇది చూసి "దర్శకుడికి నవల అర్థం కాలేదు" అని రాసేవాళ్లున్నారు. ఆయన చేతికి వచ్చింది ఏ రూపంలో వచ్చిందో ముందు చూడొద్దూ?

రంగు కోసం మారినవీ ఉన్నాయి. 'ఓజ్' కథ (1900)లో డొరొతీవి వెండి చెప్పులు. 1939 సినిమాలో అవి కెంపు రంగుకి మారాయి, టెక్నికలర్‌లో (అప్పటి రంగుల సినిమా పద్ధతి) ఎరుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుందని. హక్కుల గొడవలు మరో తంతు. 1922 'నొస్ఫెరాటు' వాళ్లు అనుమతి లేకుండా 'డ్రాక్యులా' కథ వాడుకుని పేర్లు మార్చారు. రచయిత భార్య కేసు వేసి గెలిచింది, ప్రతులు నాశనం చేయమని కోర్టు తీర్పిచ్చింది. కొన్ని ప్రతులు బతికిపోయాయి కాబట్టి మనం చూడగలుగుతున్నాం. విచిత్రం ఏమిటంటే, ఎండ తగిలితే డ్రాక్యులా చస్తాడని లోకమంతా నమ్మేది ఆ సినిమా వల్లే. నవలలో అతను పగటిపూట వీధుల్లో తిరుగుతాడు, చివర రెండు కత్తులకి బలవుతాడు.

కాబట్టి ఏ జత తీసుకున్నా మొదట అడగాల్సింది: ఈ సినిమాకి మూలం నిజంగా ఈ పుస్తకమేనా? 'మాయాబజార్' (1957)ని వ్యాసభారతంతో పోలుస్తూ కూర్చుంటే శశిరేఖే దొరకదు. అభిమన్యుడికి అక్కడ ఉత్తరతోనే పెళ్లి. ఆ కథ జనంలో, నాటకాల్లో పెరిగింది, పోలిక వాటితో పెట్టాలి. (పాండవుల కథలో పాండవులే తెర మీదికి రారన్నది వేరే ముచ్చట.) 'దేవదాస్' సంగతీ అంతే. శరత్ 1917లో వేసిన నవలలో పార్వతి, చంద్రముఖి ఎప్పుడూ కలుసుకోరు. బిమల్ రాయ్ 1955లో ఇద్దర్నీ దారిలో ఎదురెదురుగా నడిపించి, మాటలు లేకుండా దాటించాడు. 2002 సినిమాలో ఇద్దరూ కలిసి నాట్యమే చేశారు. ఈ మూడోది నవలకి ఎంత దూరమో కొలవడం కంటే రెండోదానికి ఎంత దూరమో కొలవడం ఎక్కువ పనికొస్తుంది.

అటకమీది_పుస్తకం

ముగ్గురికీ కృతజ్ఞతలు. "ఎవరికి ఏం తెలిసింది" అన్న గడి నచ్చింది. మనసులోని సంగతుల గురించి ఎవరూ చెప్పలేదు. వాయిస్ ఓవర్ పెట్టకుండా నెట్టుకొచ్చిన మంచి ఉదాహరణ ఏదైనా ఉంటే చెప్పండి.

జవాబు: రీలు_డబ్బా

టాగోర్ 'నష్టనీడ్' (1901), సత్యజిత్ రాయ్ 'చారులత' (1964). కథ మొదట్లోనే టాగోర్ చురక వేస్తాడు: చిన్నపిల్లగా వచ్చిన భార్య పడుచుదైంది, ఇంత పెద్ద కబురు పత్రికా సంపాదకుడైన భర్తకి అందలేదని. ఒక్క వాక్యం, పైగా కథకుడి గొంతులోని వెటకారమే దాని ప్రాణం. కెమెరాకి ఆ గొంతు లేదు.

రాయ్ ఏం చేశాడో వరసగా రాసుకోండి. చారు రుమాలు మీద భర్త పేరులోని అక్షరం కుడుతుంది. పుస్తకం తీస్తుంది, పెట్టేస్తుంది. చేతి దూరదర్శిని తెచ్చుకుని కిటికీ రెక్కల సందులోంచి వీధి చూస్తుంది, గొడుగు మనిషి వెంట కిటికీ కిటికీకీ పరిగెడుతుంది. ఇంతలో భర్త భూపతి పుస్తకంలో తలదూర్చి వరండాలో వస్తాడు, పక్కనున్న మనిషిని చూడకుండా దాటిపోతాడు. చారు అదే దూరదర్శినితో అతని వీపుని చూస్తుంది, తర్వాత చెయ్యి దించేస్తుంది, కెమెరా చటుక్కున వెనక్కి పోతుంది. మాటలు దాదాపు లేవు. పక్కనే ఉన్న మొగుడు వీధిలో పోయే మనిషంత దూరమైపోయాడని ఆ వస్తువు చెప్పేసింది. మనసులోది వెతకాలంటే ముందు చేతిలోని వస్తువులు చూడండి, ఆ తర్వాత ఎవరు ఎవర్ని చూస్తున్నారో, ఎవరు చూడడం లేదో చూడండి.

ముగింపుకీ ఇదే సూత్రం వాడొచ్చు. కథలో చారు, తాను మనసు పడ్డ అమల్‌కి (భర్తకి తమ్ముడి వరస) రహస్యంగా పంపిన టెలిగ్రామ్ వల్ల భూపతికి ఆమె మనసులో సంగతి తెలుస్తుంది. అతను మైసూరు ప్రయాణం కడతాడు. నన్నూ తీసుకెళ్లమని ఆమె అడుగుతుంది, అతను తటపటాయిస్తాడు. ఆమెకి అర్థమవుతుంది. చివరికి సరే రమ్మంటే, అక్కర్లేదు, ఉండనీ అంటుంది. సినిమాలో ఆ మైసూరు ప్రయాణమూ లేదు, ఆ సంభాషణా లేదు. గుమ్మంలో రెండు చేతులు ఒకదానివైపు ఒకటి చాచుకుని, కలిసే లోపే బొమ్మ ఆగిపోతుంది. కథలో తలుపు మూసింది చారు. సినిమాలో ఎవరు మూశారో, అసలు మూశారో లేదో చెప్పలేం. మాటలు మారాయని కాక, ఈ తేడా పట్టుకుని రాయండి.

జవాబు: మూడో_ప్రతి

ఇంకొక్కటి. ఏ ప్రతి చదివారో, ఏ కూర్పు చూశారో వ్యాసం మొదట్లోనే రాసెయ్యండి. 'ఫ్రాంకెన్‌స్టైన్' 1818 ముద్రణ వేరు, షెల్లీయే దిద్దిన 1831 ముద్రణ వేరు. 'బ్లేడ్ రన్నర్' 1982లో హీరో గొంతుతో వ్యాఖ్యానం, సుఖాంతం ఉంటాయి, 1992 కూర్పులో రెండూ ఉండవు. పిల్లల కోసం కుదించిన పుస్తకం చదివి "ఈ సీను సినిమావాళ్లు కల్పించారు" అని రాస్తే కిందనే ఎవరో పేజీ నంబరు పెడతారు. టెలివిజన్‌లో కోసిన ప్రింటు చూసి "తీసేశారు" అన్నా అదే గతి. నిడివి నిమిషాల్లో రాసిపెడితే ఏ కూర్పు గురించి మాట్లాడుతున్నారో చదివేవాళ్లే పోల్చుకుంటారు.