కరోనా రోజుల్లో వీధి మన చేతికొచ్చింది కదా, మీ ఊళ్లో ఇప్పుడు ఏం మిగిలింది?

లంకపిల్ల (అమలాపురం)

అందరికీ నమస్కారం అండి. మా అమ్మకి 68 ఏళ్లు. 2020 ఏప్రిల్‌లో మా కూరల మార్కెట్‌ని ఇరుకు సందులోంచి తీసి గ్రౌండ్‌లో పెట్టారు. నేల మీద సున్నంతో వలయాలు గీసి, ఒక్కో వలయంలో ఒక్కరే నిలబడాలన్నారు. ఆ రెండు నెలలూ అమ్మ పొద్దున్నే సంచి పట్టుకుని ఒక్కతే నడిచి వెళ్లి వచ్చేది. వెనక నుంచి హారన్ లేదు, చెయ్యి పట్టుకునే మనిషి అక్కర్లేదు. నడిరోడ్డు మీద ఆగి, ఎదురింటి పిన్నిగారితో ఆరడుగుల దూరం నుంచే గట్టిగా కబుర్లు చెప్పేది.

ఆ రోజులు బాగున్నాయని నేను అనను. సెకండ్ వేవ్‌లో మా బాబాయిని పోగొట్టుకున్నాం. కానీ అమ్మ నడక మాత్రం కళ్లారా చూశాను. మార్కెట్ మళ్లీ సందులోకి వచ్చాక ఒక బైక్ హ్యాండిల్ మోచేతికి తగిలి పడిపోయింది. అప్పట్నుంచి గుమ్మం దాటాలంటేనే టెన్షన్ పడుతోంది.

మా వార్డులో నలుగురం కలిసి, పొద్దున 6 నుంచి 9 దాకా మార్కెట్ వీధిలోకి బళ్లు రాకుండా చూడమని అడుగుదామనుకుంటున్నాం. అప్పట్లో మీ ఊళ్లో ఏం చేశారు, ఏది నిలబడింది, ఏది బెడిసికొట్టింది? దయచేసి చెప్పండి.

జగన్నాథపురం_సైకిల్ (కాకినాడ)

మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పండి. నేను నా సంగతి చెబుతాను. నాన్నగారి పాత అట్లాస్ సైకిల్ పెరట్లో కొబ్బరి మట్టల వెనక పదేళ్లు పడుంది. 2020 మేలో బయటికి తీస్తే వెనక చక్రంలో నాలుగు చువ్వలు లేవు, చైన్ తుప్పుతో కర్రలా బిగుసుకుపోయింది. పంక్చర్ షాపాయన ఆ చైన్‌ని రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టి, పొద్దున పాత టూత్‌బ్రష్‌తో లింకు లింకూ తోమాడు. మూడో రోజుకి బండి తిరిగింది. సరిగ్గా ఆ జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినం నాడు, సాహిబాబాద్‌లో అట్లాస్ చివరి ఫ్యాక్టరీ ఆగిపోయిందని పేపర్లో చదివి మనసు చివుక్కుమంది.

అయితే సైకిళ్లకి గిరాకీ తగ్గింది లేదండి. ఆ ఏడాది మే నుంచి సెప్టెంబర్ దాకా దేశంలో 40 లక్షలకు పైగా అమ్ముడయ్యాయని తయారీదారుల సంఘమే చెప్పింది. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇప్పటికీ 11 ఉన్నాయి. తొక్కేవి రెండు. మిగతావాళ్లని అడిగితే అందరిదీ ఒకటే మాట: "రామారావుపేట, గాంధీనగర్ వీధుల్లో ఎంతైనా తొక్కుతాం, భానుగుడి కూడలి దగ్గర దాటలేం." అందుకని మీరు వీధిని అడిగేటప్పుడు, ఆ వీధికి చేరే కూడలి సంగతి కూడా అడగండి. కూడలి దాటలేకపోతే వీధి ఎంత బాగున్నా చూసి రావడానికే.

నైట్‌డ్యూటీ (రాజమండ్రి)

నేను నర్సుని. లాక్‌డౌన్‌లో ఆటోలు, బస్సులు లేక నాలుగు కిలోమీటర్లు నడిచి డ్యూటీకి వెళ్లాను. కోటిపల్లి బస్టాండ్ వైపు రోడ్డు అంత వెడల్పు ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. పదేళ్లుగా అదే దారిలో తిరుగుతున్నా, ఎప్పుడూ కాళ్ల కిందే చూసుకుని నడిచాను. మన ఊళ్లలో ఫుట్‌పాత్ అంటే డ్రైనేజీ కాలువ మీద వేసిన పలకలే కదా. మూడు పలకలకి ఒకటి లేదు, ఉన్నదాని మీద కొట్టు బోర్డు, జనరేటర్, పార్క్ చేసిన బండి. అందుకే అప్పుడు రోడ్డు మధ్యలోనే నడిచాను.

ఒక మాట మాత్రం మర్చిపోకండి. తెల్లారి షిఫ్ట్ అయ్యాక ఆ ఖాళీ రోడ్డు హాయిగా ఉండేది. రాత్రి 9కి వెళ్లేటప్పుడు అదే ఖాళీ రోడ్డుకి భయపడి చచ్చేదాన్ని. రెండు కుక్కలు, ఆరిపోయిన లైట్లు, పిలిస్తే పలికే మనిషి లేడు. బళ్లు లేకపోతే చాలదు, మనుషులు ఉండాలి, వెలుతురు ఉండాలి. ఆడవాళ్లు నడిచే దారి కావాలంటే లైట్ల గురించి అర్జీలో మొదటి లైన్లోనే రాయండి.

కిరాణా_కొట్టు (తణుకు)

నేను కొట్టువాడి వైపు నుంచి మాట్లాడతానండి, ఏమీ అనుకోకండి.

మా వీధిలో కేసు వచ్చిందని రెడ్ జోన్ చేసి రెండు చివర్లా సరుగుడు కర్రలు కట్టేశారు. కట్టిన రోజు నాకు ఏడుపొచ్చింది. లోపల పప్పులకి పురుగు పట్టింది, అప్పు మీద తెచ్చిన సరుకు అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ ఎవరైనా "వీధి మూసేద్దాం" అంటే నాకు ఆ కర్రలే గుర్తొస్తాయి. మీ మార్కెట్ వీధిలో ప్రతి కొట్టువాడికీ అదే గుర్తొస్తుంది. కాబట్టి "మూసేయడం" అనే మాట ఎక్కడా వాడకండమ్మా.

కానీ ఇంకోటి కూడా చూశాను. కర్రలు కట్టిన మూడో వారం నుంచి పిల్లలు ఆ వీధిలో సైకిల్ నేర్చుకోవడం మొదలెట్టారు. మా మనవడు అక్కడే నేర్చుకున్నాడు, నా అరుగు పట్టుకుని. 2021 మేలో మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ పెట్టినప్పుడు జనం అంతా పొద్దున్నే నడిచి వచ్చి కొనుక్కుపోయేవారు. నడిచొచ్చినవాడు కొట్టు ముందు ఆగుతాడు. బండి మీద వచ్చినవాడు ఆపడానికి చోటు లేక పక్క వీధికి పోతాడు. ఇది నా గల్లాపెట్టె చెప్పిన మాట.

మీరు చేయాల్సింది సరుకు దిగే టైమ్ ముందే తేల్చుకోవడం. మాకు లోడు తెల్లవారుజామున 4, 5 గంటలకే వస్తుంది. "6 లోపల దింపుకోండి, 9 తర్వాత మళ్లీ రండి" అని హమాలీలతో, ట్రాలీ ఆటోవాళ్లతో కూర్చుని మాట్లాడితే కొట్లవాళ్లు మీ వెనకే ఉంటారు. వాళ్లని పిలవకుండా అర్జీ పెడితే మాత్రం మొదటి రోజే గొడవ.

కొలతల_మాస్టారు

మున్సిపల్ పనుల్లో ముప్ఫై ఏళ్లు టేపు పట్టినవాణ్ని. కొన్ని సంగతులు మీ అర్జీకి పనికొస్తాయి.

మన దేశంలో రోడ్ల కొలతలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల్లో, ఫుట్‌పాత్ మీద ఏ అడ్డూ లేకుండా నడిచే జాగా కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఉంది. అంటే దాదాపు ఆరడుగులు. కరోనా అప్పుడు మనిషికీ మనిషికీ ఉండమన్న దూరం కూడా అంతే. అంటే రోగం లేని రోజుల్లో కూడా మనకి రావాల్సిన జాగానే అది, ఎవరి దయా కాదు.

2020లో పెద్ద ఊళ్లు చేసింది కూడా పెద్ద ఖర్చుతో కాదు. బెర్లిన్‌లో మార్చిలోనే పసుపు గీతలు వేసి, రోడ్డు పనుల దగ్గర పెట్టే స్తంభాలు నిలబెట్టి సైకిల్ దారి తీశారు. కొలంబియాలోని బొగొటాలో 1974 నుంచి ఆదివారాలు రోడ్లు సైకిళ్లకి వదిలే అలవాటుంది, ఆ అనుభవంతోనే కోన్లు పెట్టి వారంలో మిగతా రోజులకీ పాకించారు. ప్యారిస్‌లో రివోలీ వీధిని మేలో కార్లకి దాదాపు ఆపేశారు, అది ఇప్పటికీ అలాగే ఉంది. మన దగ్గర ఆ జూన్‌లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ సైకిల్స్ ఫర్ ఛేంజ్ అని పోటీ పెట్టింది. గెలిచిన 11 ఊళ్లలో మన వరంగల్ ఉంది.

వీటన్నిట్లో పద్ధతి ఒకటే. ముందు సున్నం గీత, డ్రమ్ము, తాడుతో చేసి చూడటం. తప్పయితే మర్నాడు జరపడం. కుదిరాక సిమెంటు. మన ఇంజనీర్లం ముందు సిమెంటు పోసి తర్వాత ఆలోచిస్తాం, ఆ తప్పు నేనూ చేశాను.

బెంగళూరులో_పాలకొల్లు

మాస్టారు చెప్పింది నిజమే కానీ కాపలా లేకపోతే ఏదీ నిలవదండి. ఇక్కడ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2020లో సైకిళ్లకి స్తంభాలు పాతి లేన్ ఇచ్చారు. స్తంభాలు విరిగిపోతూ వచ్చాయి, ఆ సందుల్లోంచి బైకులు దూరేవి. నేను కొన్నాళ్లు తొక్కి మానేశాను. అదే ఏడాది నవంబర్‌లో చర్చ్ స్ట్రీట్‌ని శని, ఆదివారాలు బళ్లు లేకుండా చేస్తే జనం కిక్కిరిసి వచ్చారు. తేడా ఏంటంటే, అక్కడ రెండు చివర్లా మనిషి నిలబడ్డాడు.

గట్టుమీద (భీమవరం దగ్గర)

పట్నాల గురించి అందరూ చెప్పారు. మన డెల్టా సంగతి వేరండి. మనకి ఎత్తుపల్లాలు లేవు, సైకిల్‌కి ఇంతకన్నా మంచి నేల ఎక్కడుంది? పైగా ప్రతి ఊరికీ కాలువ గట్టు ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక ఈ కాలువల్లో పడవలు నడిచేవి, గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని వాటిని లాగేవారు. మా తాత ఆ పని చేశాడు. అంటే ఆ గట్టు ముందు నుంచీ కాలినడక దారే.

2020 ఏప్రిల్ అంటే దాళ్వా, అదే రెండో పంట, కోతల టైమ్. మెయిన్‌రోడ్డు ఖాళీగా ఉందని సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోశారు. నేను టౌన్‌లో మెడికల్ షాపుకి సైకిల్ మీద గట్టు వెంబడే వెళ్లేవాణ్ని. ఎనిమిది కిలోమీటర్లు, తుమ్మచెట్ల నీడ. ఎక్కడా భయం వేయలేదు, ఒక్క చోట తప్ప. వంతెన.

మన దగ్గర ఏ దారి పట్టుకున్నా చివరికి వంతెన మీదకే రావాలి. అక్కడ నడిచేవాడికి జాగా ఉండదు. ఇప్పుడు ఆ వంతెన మీద చేపల లారీ వస్తే నేను సైకిల్ దిగి, పిట్టగోడకి ఆనుకుని, ఊపిరి బిగబట్టి నిలబడతాను. లారీలోంచి కారిన ఐస్ నీళ్లతో రోడ్డు జారుతూ ఉంటుంది. బడి పిల్లలు కూడా అలాగే నిలబడతారు. వీధులకి ఎంత చేసినా వంతెన పక్కన నడకకి మూడడుగుల ఇనుప చప్టా వేయకపోతే మా పల్లెల నుంచి ఎవరూ సైకిల్ మీద టౌన్‌కి రారు. మీ అమలాపురం నల్ల వంతెన సంగతి కూడా ఆలోచించండి.

సముద్రపు_గాలి (నరసాపురం)

మా అమ్మ చేపలు అమ్ముతుంది. లాక్‌డౌన్‌లో గిన్నె నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగింది, ఎప్పటికన్నా నాలుగు డబ్బులు ఎక్కువే వచ్చాయి. ఇప్పుడు టీవీఎస్ ఎక్సెల్ మీద ఐస్ పెట్టె కట్టుకుని వస్తుంది, మోకాళ్లు పోయాయి మరి. "బళ్లు వద్దు" అంటే ఆ బండి కూడా వద్దనేనా? వీధి వ్యాపారులకి 2014 చట్టం ఉంది, వాళ్ల కమిటీని కూడా పిలవండి అక్కా.

లంకపిల్ల (అమలాపురం)

అందరికీ ఎంత రుణపడ్డానో చెప్పలేను. నరసాపురం తమ్ముడూ, నీ మాటతో అర్జీ మార్చాం. అమ్మే బళ్లు 6 లోపల వచ్చి తమ చోట్లో ఆగిపోవచ్చు, 9 దాకా కదలకుండా ఉంటే చాలు. "మూసేయడం" అనే మాట తీసేసి "పొద్దుటి నడక వేళ" అని రాశాం, తణుకు బాబాయిగారూ. లైట్లు మొదటి లైన్లో ఉన్నాయి.

ఈ ఆదివారం టేపు పట్టుకుని వీధి కొలిచాం. ఎదురెదురు గోడల మధ్య 22 అడుగులు. రెండు వైపులా మెట్లు, బల్లలు పోతే 14. ఇటూ అటూ బైకులు పెడితే మిగిలేది 7. ఆ ఏడులో ఎదురెదురు బళ్లు, మధ్యలో మా అమ్మ. కొలుస్తుంటే ఒక కొట్టాయన బయటికి వచ్చి ఏంటని అడిగి, విని, తన బల్ల తనే రెండడుగులు లోపలికి లాక్కున్నాడు.

గట్టుమీద గారూ, వచ్చే ఆదివారం నల్ల వంతెన కొలుస్తున్నాం, పొద్దున ఆరున్నరకి. వీలైతే సైకిల్ మీదే రండి. అమ్మ కూడా వస్తానంటోంది, టేపు రెండో చివర తను పట్టుకుంటుందట.