కాలేజీ స్టాట్స్‌తో ఎన్‌బీఏ డ్రాఫ్ట్ అంచనా: నా మోడల్ కవాయ్ లెనార్డ్‌ని కింద పడేస్తోంది, ఎక్కడ తప్పు?

ప్రశ్న:
అందరికీ నమస్తే. డల్లాస్‌లో ఎమ్మెస్ చేస్తున్నా, క్లాస్ ప్రాజెక్ట్‌కి ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్ తీసుకున్నా, అంటే జట్లు కొత్త ప్లేయర్లని వంతులవారీగా ఎంచుకోవడం. కాలేజీ ఆఖరి సీజన్ స్టాట్స్ ఇస్తే ఎన్‌బీఏలో మొదటి నాలుగేళ్లు ఎలా ఆడతాడో చెప్పాలి. 2011 డ్రాఫ్ట్ మీద నడిపితే జిమ్మర్ ఫ్రెడెట్, డెరిక్ విలియమ్స్ పైకొచ్చారు, తర్వాత పెద్ద స్టార్ అయిన కవాయ్ మాత్రం ఎక్కడో అడుగున ఉన్నాడు. పాయింట్లు, రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), అసిస్టులు (బుట్ట పడేలా ఇచ్చిన పాస్), త్రీ పాయింట్ (దూరపు గీత బయట్నుంచి వేసే షాట్) శాతం, హైట్, ఇవే ఇచ్చాను. అల్గారిదమ్ మార్చాలా? రెండు వారాల్నుంచి ఇదే పని, బుర్ర వేడెక్కిపోతోంది.

జవాబు:
అల్గారిదమ్ జోలికి పోకు తమ్ముడూ, ముందు వయసు ఏది? జిమ్మర్ కాలేజీలో నాలుగో ఏడు ఆడుతూ మ్యాచ్‌కి 28.9 పాయింట్ల యావరేజ్‌తో దేశంలోనే టాప్ స్కోరర్, డ్రాఫ్ట్ నాటికి 22 నిండాయి. కవాయ్‌కి ఆ రోజుకి 20 కూడా నిండలేదు, అయినా శాన్ డియాగో స్టేట్‌లో మ్యాచ్‌కి పదికి పైగా రీబౌండ్లు లాగాడు, తనకన్నా రెండు మూడేళ్లు పెద్దోళ్ల మధ్య ఆడి అంత చేస్తే దాని విలువే వేరు కదా. ఫ్రెష్‌మన్ (మొదటి ఏడు), సీనియర్ (నాలుగో ఏడు) అని కాకుండా పుట్టినరోజు నుంచి లెక్కగట్టు. పాయింట్లు మ్యాచ్‌కి కాదు, 100 పొసెషన్లకి (జట్టు చేతికి బంతి వచ్చిన ప్రతిసారీ ఒక పొసెషన్) మార్చు, అన్ని జట్లూ ఒకే స్పీడులో ఆడవు. స్టీల్స్ (బంతి లాక్కోవడం), బ్లాక్స్ (షాట్‌ని అడ్డుకోవడం) కూడా వేసుకో, అవి స్కోరింగ్ కన్నా నికరంగా పై లెవెల్‌కి వెంటొస్తాయి.

ఇంక విలియమ్స్ సంగతి. ఆ సీజన్‌లో అతను వేసింది 74 త్రీలు, పడ్డవి 42, అంటే 56.8 శాతం. మోడల్ అది నిజమనుకుని ఎగిరి గంతేసింది. 74 షాట్లు ఏ మూలకి? ప్రతి ప్లేయర్‌కీ మామూలు షూటర్ లెక్కన 34 శాతంతో ఒక 100 షాట్లు కలిపి చూడు: 42కి 34 కలిపితే 76, దాన్ని 174తో భాగిస్తే 43.7కి దిగుతుంది. ఇప్పుడు పక్కనే ఫ్రీ త్రో (ఫౌల్ అయ్యాక ఎవరూ అడ్డుపడకుండా వేసే షాట్) కాలమ్ పెట్టు. కవాయ్ త్రీలు 29 శాతమే, కానీ ఫ్రీ త్రోలు 76. విలియమ్స్ ఫ్రీ త్రోలు 75. చెయ్యి ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే అన్నమాట! కాలేజీ త్రీ పాయింట్ లైను అప్పుడు 20 అడుగుల 9 అంగుళాలు, ఎన్‌బీఏలో బుట్టకి ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాలు, ఫ్రీ త్రో మాత్రం ఎక్కడైనా 15 అడుగులే, అందుకే దాన్ని ఎక్కువ నమ్మొచ్చు. తర్వాత విలియమ్స్ త్రీలు 30 శాతం దగ్గర ఆగిపోయాయి, కవాయ్ బాగా పైకెళ్లాడు. అప్పటి అతని జట్టు స్పర్స్ షూటింగ్ కోచ్ అతని షాట్‌ని సరిచేశాడు కూడా, ఆ ముక్క నీ డేటాలో దొరకదు.

ప్రశ్న అడిగినతను:
థాంక్స్ అన్నా, వయసు, ఫ్రీ త్రో పెట్టగానే కవాయ్ పైకొచ్చాడు! కానీ మోడల్ ఇప్పుడు హైట్ తక్కువుంటేనే మంచిదని చెబుతోంది, ఇదేంటి?

ఇంకొకరి జవాబు:
నీ డేటాలో డ్రాఫ్ట్ అయినవాళ్లే ఉన్నారు కదా, అదే తిరకాసు. పొట్టివాణ్ణి ఎవరూ ఊరికే తీసుకోరు, ఇంకేదో గట్టిగా ఉంటేనే తీసుకుంటారు, పొడుగువాడికి ఆ పొడుగు మీదే ఛాన్స్ దొరుకుతుంది. ఆ 2011లోనే ఐజయా థామస్‌ని చూడు, 5 అడుగుల 9 అంగుళాలు, ఆఖరి 60వ పిక్, 2016-17లో బోస్టన్‌కి 28.9 యావరేజ్ (జిమ్మర్ కాలేజీ నంబరే, కానీ ఎన్‌బీఏలో!). అలాంటివాళ్లే లిస్టులో మిగిలితే మోడల్ ఇంకేం నేర్చుకుంటుంది? డ్రాఫ్ట్ అవ్వని కాలేజీ ప్లేయర్లని కూడా కలుపు, ఎన్‌బీఏలో అడుగుపెట్టనివాళ్లకి సున్నా వెయ్యి.

ఇంకో మాట, ట్రైన్ (మోడల్‌కి నేర్పే డేటా), టెస్ట్ (పరీక్షించే డేటా) రాండమ్‌గా విడగొట్టావా? అలా చెయ్యకు, తర్వాతి ఏళ్ల సంగతి మోడల్‌కి ముందే తెలిసిపోతుంది. 2010 వరకు నేర్పించి 2011 మీద పరీక్షించు, తర్వాత ఒక్కో ఏడూ జరుపుకుంటూ పో. 2019-20 నుంచి కాలేజీ లైను 22 అడుగులు దాటింది, ఆ సీజన్లని వేరే గుర్తు పెట్టి ఉంచు.

ప్రశ్న అడిగినతను:
రాండమ్‌గానే చేశానన్నా, ఈ రాత్రికే మార్చేస్తా. కైరీ ఇర్వింగ్‌ని ఏం చెయ్యాలి? కాలి బొటనవేలి దెబ్బతో డ్యూక్ యూనివర్సిటీలో 11 మ్యాచులే ఆడాడు.

జవాబు:
తీసెయ్యకు. ఆ 100 షాట్ల లెక్కే ప్రతి స్టాట్‌కీ వాడు, తక్కువ ఆడినవాడు దానంతటదే యావరేజ్ వైపు జరుగుతాడు, అంచనా ఒక్క నంబర్‌గా కాకుండా ఇంత నుంచి ఇంత వరకు అని ఇవ్వు. కైరీకి ఆ రేంజ్ వెడల్పుగా వస్తే నీ మోడల్ సరిగ్గా పనిచేస్తున్నట్టే.