కోతి జ్వరం కరపత్రంలో ‘టిక్’కు ఏ మాట వాడాలి?

సభ్యురాలు, బెంగళూరు:
నమస్కారం. మా తెలుగు సంఘం తరఫున చలికాలంలో కొందరు కర్ణాటక పడమటి కనుమల్లోని మలెనాడు కొండలెక్కడానికి వెళుతుంటారు. వాళ్ల కోసం క్యాసనూరు అడవి జ్వరం మీద ఒక పేజీ కరపత్రం రాస్తున్నాను. కన్నడంలో అది ‘మంగన కాయిలె’, మన పత్రికల్లో ‘కోతి జ్వరం’. ఆ జబ్బు వైరస్‌ను మోసుకొచ్చే టిక్‌ను చిత్తుప్రతిలో ఒకరు ‘పేలు’ అన్నారు, ఇంకొకరు ‘నల్లులు’, మరొకరు ‘విషకీటకాలు’. ఏది ఉంచమంటారు?

విశ్రాంత పశువైద్యుడు:
మూడూ కొట్టేయండమ్మా. పశువులున్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు, పిడుదు అనో గోమారి అనో. ఆవు చెవి లోపల, తోక మొదట్లో, పొదుగు మడతల్లో తల దూర్చి, నెత్తురు తాగి తాగి ఆముదపు గింజలా ఉబ్బి ఉంటుందే, అదే. (ఈ పోలిక నాది కాదు. లాటిన్‌లో ‘రిసినస్’ అంటే పిడుదు. గింజ రూపాన్ని బట్టి ఆ పేరు ఆముదపు చెట్టుకు వచ్చింది.)

పేనుకు ఆరు కాళ్లు. పిడుదుకు ఎనిమిది, అది సాలీడుకూ తేలుకూ చుట్టం, కాబట్టి కీటకం అనడమూ తప్పే. ఒక్క చిక్కు ఉంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు ఆరు కాళ్లే ఉంటాయి, నెత్తురు తాగి ఒకసారి కుబుసం విడిచాక ఎనిమిదవుతాయి. ఇక ‘నల్లి’ మంచంలోనూ ఉంది, మిరప ఆకు కిందా ఉంది. స్క్రబ్ టైఫస్ అనే జ్వరాన్ని మోసుకొచ్చే చిన్న జీవి ఆ మిరప నల్లి కోవలోది. ఆ మాటను దానికి వదిలేయండి.

సభ్యురాలు:
ధన్యవాదాలండీ. ‘హార్డ్ టిక్’ అని ఉన్న చోట ‘కఠిన పిడుదు’ అనవచ్చా?

విశ్రాంత పశువైద్యుడు:
కఠిన హృదయం గుర్తొస్తోంది! ‘పెంకు పిడుదు’ అనండి, చూడగానే తెలుస్తుంది. దాని వీపు మీద గట్టి పెంకు ఉంటుంది. మగదానికి వీపంతా కప్పుతుంది, ఆడదానికి ముందు భాగం వరకే. అందుకే ఆడది అంతగా ఉబ్బగలదు.

పెంకు పిడుదులన్నీ ఒకటి కావు. బెంగళూరు ఇళ్లలో కుక్కల మీద కనిపించే గోధుమరంగుది రైపిసెఫాలస్ సాంగ్వినియస్. మూతి మొదలు ఆరు పలకలుగా ఉంటుంది, కళ్లుంటాయి. కుక్కలకు ఎర్లీకియా జబ్బు తెస్తుంది. క్యాసనూరు జ్వరానికి ప్రధాన వాహకం హీమాఫైసాలిస్ స్పినిజెరా. దానికి కళ్లుండవు, మూతి పొట్టిది, మూతికి రెండు పక్కలా ఉన్న స్పర్శాంగాల రెండో కణుపు బయటికి పొడుచుకొస్తుంది. ఇది భూతద్దం కింద తేల్చాల్సిన సంగతి. కరపత్రంలో పెట్టి జనాన్ని పరీక్షకుల్ని చేయకండి. పీకినదాన్ని సీసాలో వేసి వైద్యుడికి చూపమంటే చాలు.

మరో సభ్యుడు:
నా గొడవ ‘కోతి జ్వరం’ అన్న పేరుతో. 1957లో శివమొగ్గ జిల్లా సొరబ తాలూకా క్యాసనూరు అడవిలో జబ్బు బయటపడినప్పుడు కొండముచ్చులూ కోతులూ చచ్చి పడటం చూసి ఆ పేరు పెట్టారు. అవి మనలాగే జబ్బు పడేవి. పేరు వింటే మాత్రం కోతి కరిస్తే వస్తుందేమో అనిపిస్తుంది. కోతి చచ్చాక దాని ఒంటి మీది పిడుదులు నేల మీద రాలతాయి, ప్రమాదం అక్కడ. మనుషులకు ఎక్కువగా అంటుకునేది పెద్దది కాదు, ఒకసారి కుబుసం విడిచిన, కంటికి సరిగా ఆనని పిల్ల పిడుదు. నాకైతే ‘పిడుదు జ్వరం’ సరైన పేరు.

విశ్రాంత పశువైద్యుడు:
పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు ఇంకా ఉన్నాయి, ఆ పేరు అన్నిటికీ అతుకుతుంది. శీర్షికలో ‘క్యాసనూరు అడవి జ్వరం’, కింద చిన్న అక్షరాల్లో ‘జనం కోతి జ్వరం అంటారు’ అని ఉంచండి. ఆసుపత్రిలో ఏ పేరు చెప్పినా అర్థం కావాలి కదా.

సభ్యురాలు:
సరేనండీ, ఇలా రాశాను: ‘డిసెంబరు నుంచి మే వరకు అడవిలోకి వెళ్లేటప్పుడు నిండు చేతుల చొక్కా వేసుకోండి, ప్యాంటును సాక్సులోకి దోపండి. చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి వెళ్లకుండా అటవీ సిబ్బందికి చెప్పండి. తిరిగి వచ్చాక చంకలు, గజ్జలు, మోకాలి వెనక, చెవుల వెనక పిడుదులు (గోమార్లు) ఉన్నాయేమో చూసుకోండి. అంటుకుని ఉంటే కిరోసిన్ పోయకుండా, నిప్పు పెట్టకుండా, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని పీకేయండి. తర్వాత రోజుల్లో ఉన్నట్టుండి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు వస్తే అడవికి వెళ్లిన సంగతి వైద్యుడికి తప్పక చెప్పండి.’

విశ్రాంత పశువైద్యుడు:
అంతా బాగుంది. ‘పీకేయండి’ ఒక్కటి మార్చండి. ఆ మాట వింటే చేయి విసురుగా లాగుతుంది, మూతి తెగి లోపలే ఉండిపోతుంది. ‘మెలి తిప్పకుండా నిదానంగా పైకి లాగండి’ అనండి.